విసరు విసరు డార్బీ

ఈగిల్‌హాక్, బెండిగో దగ్గర
1889 నవంబరు 3

శ్రీ డార్బీ స్కల్లీ గారికి,

నేను హోసియా ట్రెంబాత్ చెల్లెల్ని, కెజయాను. ఇరవై ఒక్క ఏళ్ళ తర్వాత ఈ దస్తూరీ మీకు గుర్తుంటుందనుకోను. మీ చిరునామా ఒక ఉన్ని బండి తోలేవాడి వల్ల దొరికింది. పోయిన నెల అతను మా గుమ్మం ముందు బండి ఆపి, గుర్రాలకు నీళ్ళు పెడుతూ ఆ పాట ఈల వేశాడు. నేను బకెట్టు లాక్కుని లోపలికి పోబోయాను. "కోపమెందుకమ్మా? ఈ పాట కట్టినాయన చేతి కూడు తిన్నాను నేను. బర్క్ అవతల గొర్రెల కొట్టంలో వంట చేస్తున్నాడు" అన్నాడు. అలా తెలిసింది.

అన్నయ్యకు ఒంట్లో బాగాలేదు. ముప్ఫై ఏళ్ళ గని పని, రాతి దుమ్మంతా ఊపిరితిత్తుల్లో పేరుకుపోయింది. జూన్ చలికి ఆగడని డాక్టరు నాతో చెప్పాడు. అన్నయ్యతో చెప్పలేదు గానీ అతనికి తెలుసు.

మీకు ఉత్తరం రాయడం నా ఆలోచన కాదు. అతనే రాయమన్నాడు. అడగమన్నది ఒకటే. ఆ రోజు ముర్రే నది ఒడ్డున రూబెన్ హాకెట్‌తో జరిగిన ముష్టియుద్ధంలో ఇరవయ్యో రౌండు తర్వాత అన్నయ్యకు ఏదీ గుర్తులేదు. తెలివి వచ్చేసరికి బండిలో గడ్డి మీద ఉన్నాడు. మీరు లేరు. పదిరోజులు తిరక్కుండా పాట వచ్చింది. ఆ చివరి రౌండ్ల గురించి అతనికి తెలిసిందల్లా పాటలో ఉన్నదే. మీరు మర్చిపోయారని కాదు గానీ రాస్తున్నాను:

ఇరవై ఆరు సార్లు లేచె ట్రెంబాతు బావా
ఇరవై ఏడోసారి ఏమాయె బావా?
విసరు విసరు డార్బీ, స్పాంజి విసరు బావా
చెల్లి కాల్చిన రొట్టె చల్లారిపోవు బావా

"వాడొక్కడే నా పక్కన ఉన్నాడు. స్పాంజి పైకి విసిరి ఓటమి ఒప్పుకోమని నేను నిజంగా అన్నానా అని అడుగు. అన్నానంటే అన్నాననే రాయమను. తెలిస్తే చాలు" అన్నాడు అన్నయ్య.

జవాబు రాయగలరు.

కెజయా ట్రెంబాత్

*

మూన్‌బార్ కొట్టం, బర్క్ మీదుగా
1889 డిసెంబరు 1

కెజ్జీకి,

కవరు మీద "శ్రీ", "గారు" చూసి ఇదెవరికో వచ్చిన ఉత్తరమనుకుని టపావాడికి తిరిగి ఇచ్చేశాను. వాడే బలవంతంగా చేతిలో పెట్టాడు. నన్ను గారు అన్నది ఈ ఇరవై ఏళ్ళలో నువ్వూ, ఒక మేజిస్ట్రేటూ.

ఇక్కడ నేను నలభై మంది గొర్రెల బొచ్చు కత్తిరించేవాళ్ళకు వండిపెడుతున్నాను. నా నడుం విరిగాక కత్తెర వదిలేసి గరిటె పట్టాను. పొద్దున వేటమాంసం, మధ్యాహ్నం వేటమాంసం, సాయంత్రం మిగిలిన వేటమాంసం. నిన్న ఒకడు నా రొట్టె తీసుకుని గుర్రానికి పెడితే అది నావైపు చూసిన చూపు నువ్వు చూడాల్సింది.

హోసియా సంగతి విని బాధపడ్డాను. ఎంతటి మనిషి. తలుపులో నిలబడితే వెలుతురు లోపలికి వచ్చేది కాదు. గోరువెచ్చని పాలల్లో కాస్త రమ్ము కలిపి ఇవ్వు, మీ చర్చివాళ్ళు చూడకుండా.

అడిగినదానికి ఏం చెప్పను కెజ్జీ. ఇరవై ఒక్క ఏళ్ళ నాటి మాట. చుట్టూ ఆరువందల మంది అరుస్తున్నారు. ఎవడి నోట్లోంచి ఏమొచ్చిందో దేవుడికెరుక. పాట అన్నాక ప్రాస కుదరాలి, జనం నవ్వాలి. దాన్ని పట్టుకుని ఎవరూ సాక్ష్యం చెప్పరు. వాడిని మనసులో పెట్టుకోవద్దని చెప్పు. నిజానికి ఆ పాట వాడిని బతికించింది. హాకెట్ గెలిచాడు గానీ హాకెట్ పేరు ఎవడికి తెలుసు? ట్రెంబాత్ పేరు క్వీన్స్‌లాండ్ దాకా తెలుసు. నేను ఏ సారాకొట్టుకు పోయినా పాట కట్టినవాడినని ఒక గ్లాసు ముందుకు జరుపుతారు.

అడవిపళ్ళ జామ్ సీసా ఒకటి పంపుతున్నాను. నేనే చేశాను, అయినా బాగుంది. ఉత్తరం చివర నీ ఇంటిపేరు మారలేదని చూశాను. అడగకూడదేమో.

పాత స్నేహితుడు
డార్బీ

*

ఈగిల్‌హాక్
1890 జనవరి 5

డార్బీ,

నీ ఉత్తరం అన్నయ్యకు చదివి వినిపించాను. గుర్రం దగ్గర నవ్వాడు, ఆ నవ్వుకు దగ్గొచ్చి అరగంట ఆగలేదు. తర్వాత, "వాడు జవాబు చెప్పలేదు" అన్నాడు. అంతే. జామ్ ముట్టుకోలేదు. నేనూ ముట్టుకోలేదు.

పాట అతన్ని బతికించిందని రాశావు. ఎలా బతికించిందో విను.

టాంసిన్ గుర్తుందా? ఆ ఏడాది ఈస్టరుకు పెళ్ళి అనుకున్నారు. ఆమె తండ్రి ఒప్పుకున్నాడు, ఆమె ఒప్పుకుంది, మన హోసియా ఒప్పుకోలేదు. "రేపు పిల్లలు పుడితే వీధిలో వాళ్ళ వెనకపడి ఆ పాటే పాడతారు. నాకొద్దు" అన్నాడు. ఆమె రెండేళ్ళు చూసి బలరాట్‌లో కిరాణా కొట్టువాణ్ణి చేసుకుంది. అప్పటినుంచి అన్నయ్య ఎవరేమన్నా చెయ్యెత్తలేదు. ఒకసారి గని దగ్గర తాగుబోతు ఒకడు మొహాన ఉమ్మితే తుడుచుకుని ఇంటికొచ్చాడు. "చాలని అరిచినవాడికి కోపం కూడానా చెల్లీ" అన్నాడు.

ఇవి నేను ఓర్చుకున్నాను. ఇంకోటి ఉంది.

ఎనభై ఒకటో సంవత్సరంలో, ఆరువందల అడుగుల లోతున పని చేస్తున్నప్పుడు, పైకప్పు రాయి చప్పుడు చేస్తోందని, ఊతకొయ్యలు కుళ్ళాయని, మార్చేదాకా ఎవరూ లోపలికి పోవద్దని అన్నయ్య మేస్త్రీతో చెప్పాడు. మేస్త్రీ అందరి ముందూ చెయ్యి ఊపుతూ "విసరు విసరు డార్బీ" అని పాడాడు. అందరూ నవ్వారు. అన్నయ్య ఊరుకున్నాడు. ఆ మధ్యాహ్నం కప్పు కూలి విల్ పాస్కో, జాబెజ్ నాన్స్ చనిపోయారు. జాబెజ్‌కు పెళ్ళై ఏడు వారాలు.

మేస్త్రీ మాట వదిలెయ్. ఆ రోజు అన్నయ్య నాతో ఏమన్నాడో విను. "రెండోసారి గట్టిగా చెప్పేవాణ్ణే కెజ్జీ. నాకే అనుమానమొచ్చింది. చప్పుడు నిజంగా విన్నానా, లేక నా పిరికితనమే అలా వినిపించిందా అని."

నీ ప్రాస ఇలా కుదిరింది. ఇప్పుడు చెప్పు. అన్నాడా, అనలేదా?

కెజయా

*

మూన్‌బార్ కొట్టం
1890 ఫిబ్రవరి 9

కెజ్జీ,

నీ ఉత్తరం వచ్చి పదకొండు రోజులైంది. రెండుసార్లు రాసి చించేశాను.

హోసియా ఆ మాట అనలేదు.

ఇదొక్కటి చదివి వినిపించి మిగతాది పొయ్యిలో వేసినా నాకు అభ్యంతరం లేదు. కానీ రాస్తాను.

విక్టోరియా పోలీసులు నది దాటి రాలేరని పోటీ అవతలి ఒడ్డున పెట్టారు. తెల్లవారుజామున పొగమంచులో తాళ్ళు కట్టారు. పన్నెండో రౌండు దాకా హాకెట్‌ను మనవాడు పిండి పిసికినట్టు పిసికాడు. పదిహేనో రౌండులో హాకెట్ తల వంచాడు, హోసియా కుడి పిడికిలి వాడి నుదుటికి తగిలింది. ఎముక విరిగిన చప్పుడు నాకు వినిపించింది. రౌండు అయ్యాక సేద తీరడానికి నా మోకాలి మీద కూర్చున్నప్పుడు చెయ్యి చూపించి, "ఎవడికీ చెప్పకు" అన్నాడు. అక్కడినుంచి ఎడమ చేత్తోనే కొట్టాడు. ఇరవై దాటాక ఒక కన్ను మూసుకుపోయింది. పడటం, నేను లేపి నీళ్ళు కొట్టడం, ముప్ఫై లెక్కపెట్టేలోపు వాడు నడిచి మధ్యగీత దగ్గరికి చేరడం. ఇరవై ఆరుసార్లు చేరాడు. పాటలో నిజం ఆ ఒక్క లైనే.

ఇరవై ఆరో రౌండులో పడ్డప్పుడు చెవిలోంచి నెత్తురు వచ్చింది. పల్చగా, నీళ్ళు కలిపినట్టు. అలా వచ్చినవాడు బతకడని మా ఊళ్ళో చూశాను. మోకాలి మీద కూర్చోబెట్టుకున్నాను. బరువు తెలియలేదు. "చాలురా హోసియా" అన్నాను. వాడు నా చొక్కా పట్టుకుని, "గీత దాకా నిలబెట్టు డార్బీ. మిగతాది నేను చూసుకుంటా" అన్నాడు. మాట తడబడలేదు. ఇవీ వాడన్న మాటలు. అక్షరం మార్చలేదు.

నేను స్పాంజి పైకి విసిరాను. అది గాలిలో ఉండగానే వాడు లేచి నిలబడ్డాడు. గీత వైపు రెండడుగులు వేశాడు. అప్పుడు పడ్డాడు.

భయపడ్డాను, అంతే. వేరే కారణం లేదు.

అక్కడితో ఆగితే నేనిప్పుడు మనిషిలా నీకు ఉత్తరం రాసేవాణ్ణి. వాణ్ణి బండి ఎక్కించి, దాహం తీర్చుకుందామని రేవు పక్క సారాకొట్టుకు పోయాను. మధ్యాహ్నం కూడా కాలేదు. ఆర్నెల్ల జీతం పందెం కాసిన గనివాళ్ళు ముప్ఫై మంది నన్ను గోడకు నొక్కారు. "లేచి నడుస్తున్నవాణ్ణి ఎందుకు ఓడించావురా? హాకెట్ మనుషులు నీకెంతిచ్చారు?" అన్నారు. ఒకడి చేతిలో సీసా పగిలి ఉంది. "వాడే విసరమన్నాడు" అన్నాను. "ఏమన్నాడు?" అని అడిగారు. ఏమన్నాడో నాకు తోచలేదు. నోటికొచ్చింది అన్నాను. "చెల్లి రొట్టె చేసి ఉంచింది, చల్లారిపోతుంది, త్వరగా విసరమన్నాడు" అన్నాను. ఒకడు నవ్వాడు. ఆ నవ్వు ఎంత తియ్యగా ఉందో నీకు చెప్పలేను. ఇంకొకడు నవ్వాడు. సీసా పట్టుకున్నవాడు కూడా నవ్వాడు. వాళ్ళు నవ్వుతున్నంతసేపు నన్ను కొట్టరని, నేను చరణం మీద చరణం కట్టాను. సాయంత్రానికి బల్లలు చరుస్తూ అందరూ పాడుతున్నారు. బండి దగ్గరికి తిరిగి పోలేదు. ఉత్తర దిక్కుగా నడిచాను.

రెండేళ్ళ తర్వాత డెనిలిక్విన్‌లో హాకెట్ పక్కన ఆ రోజు నిలబడ్డవాడు కలిశాడు. ఆ ఇరవై ఆరో రౌండు అయ్యేసరికి హాకెట్ చేతులు కూడా ఇక లేవడం లేదట. "నా స్పాంజి కూడా చేతిలోనే ఉంది. నువ్వు తొందరపడ్డావు" అన్నాడు.

ఇది రాయాలా వద్దా అని రోజంతా ఆలోచించాను. దాచి దాచి విసుగొచ్చింది.

డార్బీ

*

ఈగిల్‌హాక్
1890 మార్చి 2

డార్బీ,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. ఇంకా అన్నయ్యకు చదవలేదు. పిండి డబ్బాలో దాచాను. ఎందుకో చెప్తాను.

"భయపడ్డాను, వేరే కారణం లేదు" అని రాశావు. నన్నెందుకు దాచావు?

పోటీకి ముందురోజు నువ్వు మా వంటింటి గుమ్మంలో కూర్చున్నావు. నేను రొట్టెల పిండి పిసుకుతున్నాను. "డార్బీ, గెలుపు నాకొద్దు. మా అన్నని నాకు తెచ్చివ్వు. ప్రాణం మీదికొస్తే వాడు వద్దన్నా నువ్వే ఆపెయ్. మాటివ్వు" అన్నాను. నువ్వు పిండి చేతిని అలాగే పట్టుకుని మాటిచ్చావు. అప్పుడే ఇంకో మాట కూడా అన్నావు. అది ఇక్కడ రాయను.

తర్వాత పది రోజులకు చర్చి వీధిలో పిల్లలు ఆ పాట పాడుతుంటే విన్నాను. చెల్లి కాల్చిన రొట్టె దగ్గర వీధిలోనే ఆగిపోయాను. ఎవరి మాట మీద స్పాంజి లేచిందో నాకు ఆ క్షణమే తెలిసింది. అన్నయ్య కూడా అడిగే ఉంటాడులే, రెండూ నిజమేలే అని సర్దిచెప్పుకున్నాను. ఇరవై ఒక్క ఏళ్ళు పొద్దున్నే అతనికి గంజి కాచి పెడుతూ సర్దిచెప్పుకున్నాను. టాంసిన్ ఏడుస్తూ వచ్చినప్పుడు చెప్పి ఉండచ్చు. పాస్కో, నాన్స్ పోయిన రోజు చెప్పి ఉండచ్చు. చెబితే అతను నా చేతి కూడు తినడేమోనని భయం.

నువ్వు భయపడి పాట కట్టావు. నేను భయపడి నోరు మూసుకున్నాను. నిన్ను తిట్టిన ఉత్తరంలో సగం నన్నే తిట్టుకున్నాను.

చదువుతాను. ధైర్యం రావాలి.

కెజ్జీ

*

మూన్‌బార్ కొట్టం
1890 మార్చి 19

కెజ్జీ,

చదివేటప్పుడు నీ సంగతి వదిలెయ్. చచ్చిపోయేవాడికి నేనొక్కణ్ణి చాలు కోప్పడటానికి. నువ్వింకా అదే ఇంట్లో ఉండాలి, అతనికి నీళ్ళందించాలి. నువ్వు అడిగింది తప్పు కాదు. పంతొమ్మిదేళ్ళ పిల్ల తన అన్న బతకాలని కోరుకుంది. దాన్ని నేను ఎగతాళి పాటలో పెట్టాను. నాలో ఇంకేం మంచి ఉందో తెలియదు గానీ ఇరవై ఒక్క ఏళ్ళు నీ పేరు మాత్రం ఎవరికీ చెప్పలేదు. దాన్నలాగే ఉండనివ్వు.

ఆ రెండో మాట నాకు గుర్తుంది.

డార్బీ

*

ఈగిల్‌హాక్
1890 ఏప్రిల్ 14

డార్బీ,

నీ ఉత్తరం వచ్చేలోపే అంతా చదివేశాను, నా భాగంతో సహా. ముందే వచ్చినా నీ మాట వినేదాన్ని కాదు.

అన్నయ్య దిండ్లకు ఆనుకుని కళ్ళు మూసుకుని విన్నాడు. అయిపోయాక, "మళ్ళీ చదువు" అన్నాడు.

"ఏది?"

"నేనన్నది."

గీత దాకా నిలబెట్టు డార్బీ, మిగతాది నేను చూసుకుంటా. నాలుగుసార్లు చదివించుకున్నాడు. హాకెట్ చేతులు లేవడం లేదన్న చోట నవ్వాడు, దగ్గాడు. అప్పుడు నేను పిండి చేతుల సంగతి చెప్పాను. గోడ వైపు తిరిగి పడుకున్నాడు.

నాలుగు రోజులు నాతో మాట్లాడలేదు. పక్కింటి పోల్‌గ్లేజ్ పెద్దమ్మ తెచ్చిన గంజి తాగాడు, నాది తాగలేదు. ఐదోరోజు నేను పక్క దులుపుతుంటే, "ఆ రాయి చప్పుడు నేను నిజంగానే విన్నాను చెల్లీ" అన్నాడు. "విన్నావన్నయ్యా" అన్నాను. "నా చెవులు మంచివే. నేనే వాటిని నమ్మలేదు" అన్నాడు. అప్పుడు ఏడ్చాడు. పెద్దయ్యాక అతను ఏడవడం నేను చూడలేదు. నా మీద కోపం పోయిందో లేదో అడగలేదు. ఆ పూట మాత్రం నా గంజి తాగాడు.

ఈస్టరు సోమవారం, బెండిగో సంతకు తీసుకుపొమ్మని పట్టుబట్టాడు. పోల్‌గ్లేజ్ వాళ్ళ బండిలో దుప్పట్లు వేసి తీసుకెళ్ళాం. చీనావాళ్ళ డ్రాగన్ ఊరేగింపు చూస్తాడనుకున్నాను. అతను చూడాలన్నది ముష్టియుద్ధాల గుడారం. ఇరవై ఒక్క ఏళ్ళలో మొదటిసారి. గుడారం ముందు బల్ల మీద డోలు కొట్టుకుంటూ ఒక ఎర్రచొక్కావాడు జనాన్ని పిలుస్తున్నాడు. ఏ పాట పాడుతున్నాడో నీకు వేరే చెప్పాలా.

అన్నయ్య బండిలోంచి దిగాడు. నా భుజం పట్టుకుని బల్ల దాకా నడిచాడు. పాట ఆగేదాకా ఆగి, "నాయనా, మూడో లైను తప్పు. అతను స్పాంజి విసరమనలేదు. గీత దాకా నిలబెట్టమన్నాడు" అన్నాడు.

"నీకెవరు చెప్పారు తాతా?"

"నేనే ట్రెంబాత్‌ని."

జనం నవ్వారు. "ట్రెంబాత్ అంటే ఆరడుగుల మూడంగుళాల మనిషి. నువ్వు గాలేస్తే ఎగిరిపోయేలా ఉన్నావు" అన్నాడు ఎర్రచొక్కా. వెనకనుంచి ఇంకెవరో, "ట్రెంబాత్ క్వీన్స్‌లాండ్‌లో ఉరేసుకున్నాడు. మా మామ శవాన్ని చూశాడు" అన్నాడు.

"ఎప్పుడు?" అని అడిగాడు అన్నయ్య.

"పదేళ్ళు దాటింది."

"పాపం" అన్నాడు అన్నయ్య.

బండిలో నేను వాళ్ళను తిడుతూనే ఉన్నాను. అతను మాత్రం, "నమ్మకపోతే పోనీ కెజ్జీ. నా నోటితో ఒకసారి పైకి చెప్పాలనిపించింది. చెప్పాను" అన్నాడు. ఇంటికొచ్చాక నీకు రాయమన్నాడు. అతను చెబుతుంటే రాసుకున్నాను, ఇదిగో:

"డార్బీ, నది దగ్గర నువ్వు చేసింది తప్పు కాదు. చచ్చేవాణ్ణే. సారాకొట్టులో చేసింది తప్పు. పొద్దున నా ప్రాణం కాపాడి, సాయంత్రానికి దాన్ని ఎందుకూ పనికిరాకుండా చేశావు. క్షమించానని రాయమనను. క్షమించలేదు. కానీ నిజం రాసినందుకు సంతోషం. కొత్త పాట కట్టకు. ఎవరూ పాడరు."

కెజ్జీ

*

బర్క్
1890 మే 11

కెజ్జీ,

నీ ఉత్తరం పడవలో వచ్చింది. డార్లింగ్ నది ఊరిమీద పడింది. వీధుల్లో పడవలు తిరుగుతున్నాయి, రైలుపట్టాలు నీళ్ళ కింద ఉన్నాయి. నేను కొట్టం వదిలి బయల్దేరి ఇక్కడ ఇరుక్కుపోయాను. కట్ట మీద మూడువందల మందిమి, గొర్రెలు, పాములు, ఒక ఫాదిరీ కలిసి కాపురం చేస్తున్నాం.

హోసియా మాటలు చదివాను. ఒక్కటి కూడా ఎక్కువ అనలేదు వాడు.

నీళ్ళు తియ్యగానే వస్తాను. వాడి ముందు నిలబడి చెప్పాలి. ఉత్తరంలో చెప్పడం సారాకొట్టులోంచి పారిపోయినట్టే ఉంది. వద్దంటే రాయి. నీళ్ళు తీసేదాకా నేను ఏ సాకూ వెతుక్కోను, వాణ్ణి కాస్త బతికి ఉండమను.

డార్బీ

*

ఈగిల్‌హాక్
1890 జూన్ 22

డార్బీ,

అన్నయ్య పోయిన సోమవారం పోయాడు. తెల్లారుతుండగా. నేను పక్కనే ఉన్నాను.

చివరి వారం పడుకోలేక కూర్చునే ఉన్నాడు. జాబెజ్ నాన్స్ భార్యను పిలిపించమన్నాడు. తొమ్మిదేళ్ళ తర్వాత ఆమె మా గడప తొక్కింది. "ఆ చప్పుడు నేను విన్నానమ్మా. విని కూడా రెండోసారి చెప్పలేదు" అన్నాడు. ఆమె టోపీ రిబ్బను నలుపుతూ కూర్చుంది. "గట్టిగా చెప్పి ఉంటే జాబెజ్ వినేవాడు. నువ్వంటే అతనికి గౌరవం. అతను ఆ పాట ఎప్పుడూ పాడలేదు" అంది. వెళ్ళేటప్పుడు అతని దుప్పటి సర్ది వెళ్ళింది.

నువ్వు వస్తున్నావని చెప్పాను. "వస్తే తలుపు తియ్యి. పాడితే మాత్రం మూసెయ్" అన్నాడు. అది అతని చివరి హాస్యం.

గనివాళ్ళు భుజాల మీద మోసుకుంటూ, దారి పొడుగునా కీర్తనలు పాడుతూ తీసుకెళ్ళారు. ఆయాసం లేకుండా అంతసేపు పాడగలిగే కుర్రవాళ్ళను చూస్తే అసూయ కలిగింది.

నువ్వు రా, డార్బీ. ఇప్పుడు చెప్పడానికి అతను లేడు. కానీ అతను అన్న ఆ మాటలు చెవులారా విన్నవాడివి నువ్వొక్కడివే మిగిలావు. అవి ఉత్తరంలో చదివాను. ఒకసారి మనిషి నోట వినాలనుంది. సమాధి దగ్గర చెప్పు, నేను వింటాను. తర్వాత నువ్వు వెళ్ళిపోవచ్చు. ఉండిపోవాలన్నా అప్పుడు ఆలోచిద్దాం. నాకు నలభై ఒక్క ఏళ్ళు, పక్కపళ్ళు రెండు లేవు. ముందే చెబుతున్నాను.

కెజ్జీ

*

బెండిగో రైల్వే స్టేషను
1890 జూలై 19

కెజ్జీ,

ఇది ఇక్కడి టపాపెట్టెలో వేస్తున్నాను. నీకు సోమవారం అందుతుంది. అప్పటికి నేను నది దాటి ఉంటాను.

పొద్దున ఈగిల్‌హాక్ వచ్చాను. ముందు శ్మశానానికి పోయాను. మట్టి ఇంకా కుంగలేదు. టోపీ తీసి నిలబడి వాడి మాటలు పైకి చెప్పాను. పక్కన గడ్డి కోసేవాడు నావైపు చూశాడు. తర్వాత మీ వీధికి వచ్చాను. నువ్వు పెరట్లో తీగ మీంచి దుప్పట్లు తీస్తున్నావు. చలికి చేతులు ఎర్రబడి ఉన్నాయి. దుప్పటి గడ్డంతో నొక్కి పట్టుకుని మడత పెడుతున్నావు, మీ అమ్మ మడతపెట్టినట్టే.

గేటు మీద చెయ్యి వేశాను. నోట్లోకి ఏదో హాస్యం వచ్చింది. పళ్ళ గురించి. అది అనేస్తానేమోనని భయమేసింది కెజ్జీ. నువ్వు నవ్వుతావు, నేను ఇంకోటి అంటాను, ఇక వాడి మాటలు ఎప్పటికీ చెప్పను. నన్ను నేనెరుగుదును.

వెనక్కి తిరిగాను.

డార్బీ

*

ఈగిల్‌హాక్
1890 జూలై 22

డార్బీ,

ఈ ఉత్తరం మూన్‌బార్‌కు పంపుతున్నాను. అక్కడికే చేరతావని అనుకుంటున్నాను.

నేను నిన్ను చూశాను. గేటు గడియ చప్పుడైనప్పుడే చూశాను. దుప్పటి చాటునుంచి. గడ్డం నెరిసింది, ఒక భుజం కిందికి దిగింది, అయినా నువ్వేనని తెలిసింది. దుప్పట్లు బుట్టలో పడేసి, ముందు వంటింట్లోకి పోయి పొయ్యి మీద నీళ్ళు పెట్టాను. ఏప్రాన్ మార్చుకున్నాను. జుట్టు సర్దుకున్నాను. ముందు తలుపు తీసేసరికి నువ్వు వీధి మలుపు దాకా వెళ్ళిపోయావు.

పిలిస్తే వినపడేంత దూరంలోనే ఉన్నావు. పిలుద్దామని నోరు తెరిచాను. వీధిలో పోల్‌గ్లేజ్ పెద్దమ్మ ఉంది, పాలబండివాడు ఉన్నాడు. వాళ్ళు వింటారనిపించి ఆగిపోయాను.

అది నా తప్పు. దాన్ని కూడా నువ్వు మోయకు.

కెజ్జీ